అడిగి తెచ్చుకున్న కొమ్మ

ఇంట్లో మొక్కలు పెంచుకోవాలని ఉంటే నర్సరీకి పోయే ముందు ఒకసారి బంధువుల ఇంటికి పోండి. వాళ్ళ పెరట్లోనో బాల్కనీలోనో ఉన్న చెట్టు నుంచి ఒక కొమ్మ అడగండి. మీ ఇంటికి ఎవరన్నా వస్తే మీరూ ఒక కొమ్మ కోసి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు దాని పేరేమిటో, అది ఎవరింటి నుంచి వచ్చిందో కూడా చెప్పండి. మేము ఈసారి చెప్పదలచుకున్నది ఇంతే. ఇంత చిన్న మాటకు ఇంత పెద్ద వ్యాసం ఎందుకంటే, ఈ మాట మాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆ ఆలస్యానికి ఒక చెట్టు పోయింది.

మాది బళ్ళారి. మా పాత ఇల్లు పోయిన ఏడు వేసవిలో అమ్ముడుపోయింది. వాటాదార్లు నలుగురు, ఉండేది నాలుగు ఊర్లలో, ఇల్లు చూసుకునే వాళ్ళు ఎవరూ లేరు. అమ్మక తప్పలేదు. ఇత్తడి బిందెలు, టేకు బీరువా, తాత ఫోటో, రోలు, ఊయల గొలుసులు, అన్నీ లిస్టు రాసుకుని పంచుకున్నాం. లిస్టు రాసింది మేమే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి బతికేవాళ్ళం కదా, చెక్‌లిస్టు లేనిదే మాకు నిద్ర పట్టదు. ఆ లిస్టులో 64 వరుసలు ఉన్నాయి. పెరట్లోని మల్లెచెట్టు మాత్రం లేదు.

రిజిస్ట్రేషన్ అయిన వారానికే జేసీబీ వచ్చింది. కొన్నవాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళు కొన్నది స్థలం. అడిగి ఉంటే ఒక కొమ్మ కాదు, చెట్టే తవ్వుకొని పొమ్మనేవాళ్ళు. మేము అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

మా అవ్వకు 88 ఏళ్ళు. బెంగళూరులో చిన్నాయన ఇంట్లో ఉంటుంది. ఇల్లు అమ్మిన సంగతి ఆమెకు తెలుసు. సంతకం పెట్టింది కూడా. కానీ ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటే: "మల్లె మొగ్గ పట్టిందా?" ఆ వేసవి అంతా మేము "పట్టిందవ్వా" అంటూ వచ్చినాం.

ఆ మల్లె సంగతి మాకు తెలిసినంతలో ఇది. అవ్వ పుట్టిల్లు రాయదుర్గం. 1953 వేసవిలో పెళ్ళై బళ్ళారికి వచ్చింది. అప్పటికి రెండూ మద్రాసు రాష్ట్రంలో ఒకే బళ్ళారి జిల్లాలోని ఊర్లు. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి. బళ్ళారి తాలూకా ఎవరికన్నది తేల్చడానికి జస్టిస్ మిశ్రా కమిషన్ వేసి, చివరికి మైసూరులో కలిపినారు. అంటే అత్తగారింటికి వచ్చిన ఆరు నెలల్లో అవ్వ పుట్టిల్లు వేరే రాష్ట్రమైపోయింది. మొదటిసారి పుట్టింటికి పోయి తిరిగి వచ్చేటప్పుడు తడిగుడ్డలో చుట్టి నాలుగు మల్లె కొమ్మలు తెచ్చింది. రెండు బతికినాయి. ఇంట్లో అందరం దాన్ని రాయదుర్గం మల్లె అనేవాళ్ళం.

జూన్‌లో ఒక పని మీద బళ్ళారి పోయినప్పుడు స్థలం చూసి వద్దామని వెళ్ళినాం. పునాది తవ్వి ఉంది. ఎదురింటి అజ్జి అరుగు మీద కూర్చుని చూసి, లోపలికి పిలిచింది. కాఫీ అయినాక వెనక్కి తీసుకుపోయి చూపించింది: నీళ్ళ తొట్టి పక్కన నడుమెత్తు మల్లెచెట్టు. ఇరవై ఏళ్ళ కిందట అవ్వను అడిగి కొమ్మ తెచ్చుకుందట. వాళ్ళింట్లో దాని పేరు "తెలుగర మనె మల్లిగె", అంటే తెలుగువాళ్ళింటి మల్లె. మేము ఒక కొమ్మ అడగబోతే ఆమే కత్తెర తెచ్చి, "తగొండ్ హోగ్రి, ఇదు నిమ్మ మనె గిడానే" అంది. తీసుకుపోండి, ఇది మీ ఇంటి చెట్టే కదా అని. ఆరు కొమ్మలు కోసి ఇచ్చింది.

మా ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలకు మొదట చెప్పే మాట ఒకటుంది: బ్యాకప్ తీసి పెట్టినామని చేతులు దులుపుకోకండి, దాన్ని తిరిగి ఎక్కించి చూసినప్పుడే అది బ్యాకప్. ఏళ్ళ తరబడి ఆ మాట చెప్తూ వచ్చిన మా ఇంటి చెట్టుకు బ్యాకప్ తీసింది ఎదురింటి అజ్జి. అదీ తెలియకుండానే. అడిగింది కాబట్టి.

కొమ్మ నుంచి మొక్క అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్తాం. విత్తనం వేస్తే వచ్చేది బిడ్డ. తల్లి పోలిక కొంత, తండ్రి పోలిక కొంత. కొమ్మ నాటితే వచ్చేది బిడ్డ కాదు, అదే చెట్టు. కొన దగ్గర తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ ఉంటుంది. కొమ్మను కోసినప్పుడు అది కోత దగ్గర పోగుపడుతుంది. అక్కడి కణాలు తమ పాత పని మానుకుని వేర్లు పోయడం మొదలుపెడతాయి. జన్యువుల్లో తేడా ఉండదు. కాబట్టి ఎదురింట్లో ఉన్నది మా మల్లె లాంటి మల్లె కాదు, మా మల్లే. 1953లో తడిగుడ్డలో వచ్చిన చెట్టే.

మన ఇళ్ళల్లో ఇట్లాంటివి మనం అనుకునేదానికన్నా ఎక్కువ. మల్లెకు మన దగ్గర విత్తనం కట్టడం అరుదు, కొమ్మలతోనో నేల అంట్లతోనో పెంచాల్సిందే. భౌగోళిక గుర్తింపు పొందిన హడగలి మల్లెది కూడా అదే దారి. ఆ హూవిన హడగలి మొన్న 2021లో విజయనగర జిల్లా విడిపోయేదాకా మా బళ్ళారి జిల్లాలోదే. కనకాంబరంలో నారింజ రంగు ఢిల్లీ రకం ఉంది చూడండి, దానికి అసలు గింజే పట్టదు. ప్రతి మొక్కా ఎవరో ఒకరు కొమ్మ విరిచి నాటిందే.

అన్నిటికన్నా ఆశ్చర్యం మనీ ప్లాంట్. పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మూరియా అనే చిన్న దీవి దాని పుట్టినిల్లు. అది దానంతట అది పూసినట్టు చివరి నమోదు 1964 నాటిది. పూయకపోవడానికి కారణం 2016లో తెలిసింది: పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోనును తయారుచేసే జన్యువు దాంట్లో సరిగా పనిచేయదు. పువ్వు లేదు కాబట్టి గింజ లేదు. అయినా లోకంలో అది లేని అపార్ట్‌మెంటు లేదు. చేతి నుంచి చేతికి, సీసా నుంచి సీసాకు, కణుపు కణుపుగా అంత దూరం వచ్చింది.

ఈ మనీ ప్లాంట్‌ను దొంగతనంగా తెచ్చుకుంటేనే డబ్బు నిలుస్తుందని మన వాళ్ళలో ఒక నమ్మకం. బెంగళూరులో మేమున్న అపార్ట్‌మెంటులో మెట్ల దగ్గరి కుండీ నెలకొకసారి బోడి అవుతుంది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, మాకు ఈ నమ్మకం నచ్చదు. దొంగిలించిన కొమ్మకూ వేరు వస్తుంది, నిజమే. కానీ దాని వెనుక ఎవరూ ఉండరు. ఎవరింటిది, ఏ పేరు, ఎప్పుడు పూస్తుంది, ఏ తెగులు పడుతుంది, ఇవేవీ దొంగకు తెలియవు. రేపు మీ మొక్క చచ్చిపోతే మళ్ళీ అడగడానికి మొహం ఉండదు. ఇచ్చినవాళ్ళ చెట్టు చచ్చిపోతే, తిరిగి ఇవ్వాలన్న ఆలోచన మీకు రాదు. ఎదురింటి అజ్జి ఆ మల్లెను గోడ దూకి కోసుకుని ఉంటే మాకు చూపించేదా?

నర్సరీ మాటా చెప్పుకుందాం. మా తమ్ముడు మొహం మీదే అడిగినాడు: "వంద రూపాయలకు మంచి మల్లె మొక్క దొరుకుతుంది కదా, దీనికింత గోల ఎందుకు?" వాడి మాటలో న్యాయం ఉంది. నర్సరీ వాళ్ళదీ కష్టమే. వాళ్ళు పెంచేవీ చాలావరకు కొమ్మ మొక్కలే. మాకు లేనిది, మా వాళ్ళెవరి దగ్గరా లేనిది అక్కడే కొంటాం. కానీ నర్సరీలో మల్లె దొరుకుతుంది, అవ్వ మల్లె దొరకదు. మనలాంటి కుటుంబాలకు ఈ తేడా కాస్త ఎక్కువ. మా బడి చదువంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. తలకట్టు తేడా తప్ప చాలా అక్షరాలు ఒకటే కాబట్టి బతికిపోయినాం. ఇంట్లో తెలుగు పుస్తకాలు లేవు. తాత రాసిన ఉత్తరాలు లేవు. భూమి లేదు, ఇప్పుడు ఇల్లూ లేదు. పాత ఇంటి నుంచి ముక్కలు కాకుండా అందరికీ పూర్తిగా దక్కే ఆస్తి ఏదన్నా ఉంటే అది చెట్టు ఒక్కటే. బీరువాను నలుగురు పంచుకోలేరు. మల్లెను నలభై మంది పంచుకున్నా ప్రతివాళ్ళకూ మొత్తం వస్తుంది.

అయితే కొమ్మ అన్నీ మోసుకురాదు. స్నేక్ ప్లాంట్ పెంచేవాళ్ళకు ఇది అనుభవంలో ఉంటుంది. ఆకుకు పసుపు అంచు ఉండే రకం నుంచి ఆకు ముక్క కోసి నాటి చూడండి. వేరు పడుతుంది, పిలక వస్తుంది, కానీ కొత్త ఆకుకు పసుపు అంచు ఉండదు. ఉత్త ఆకుపచ్చ. అంచు కావాలంటే దుంపను వేర్లతో సహా విడదీసి నాటాల్సిందే.

పేరు కూడా అట్లాంటిదే. కొమ్మతో పాటు దానంతట అది రాదు, నోటితో చెప్తేనే వస్తుంది. మా ఇంట్లో మేము వామాకు అనేదాన్ని బడిలో దొడ్డపత్రె అన్నాం. మందారం బయట దాసవాళ, నందివర్ధనం నందిబట్టలు, మరువం మరుగ. రెండు పేర్లూ మావే, ఒకటి ఎక్కువ ఇంకొకటి తక్కువ అని లేదు. కానీ మా అక్క పిల్లలకు ఇప్పుడు రెండూ తెలియవు. వాళ్ళకు అది "ఆ మందాటి ఆకుల ప్లాంట్". దగ్గొచ్చినప్పుడు ఆ ఆకు కషాయం తాగుతారు, వానాకాలంలో దాని బజ్జీలు తింటారు, పేరు అడిగితే ఫోన్ కెమెరా పట్టుకుంటారు. తప్పు వాళ్ళది కాదు. కుండీ ఇచ్చినాం, పేరు ఇవ్వలేదు.

ఇక పని విషయం. బళ్ళారి ఎండలో, నల్లరేగడిలో మేము దెబ్బలు తిని నేర్చుకున్నవి ఇవి.

కాలం ముఖ్యం. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నాటిన కొమ్మకు వేరు వచ్చేలోపే ఆకులు ఎండిపోతాయి. వానలు పడినాక జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం.

కొమ్మ మరీ లేతది వద్దు, మరీ ముదురుదీ వద్దు. మల్లె, మందారం, గులాబీలకు పెన్సిల్ లావు లేదా కొంచెం సన్నం, జానెడు పొడవు చాలు. కింది కోత కణుపుకు కొంచెం కింద పడాలి, వేర్లు ఎక్కువగా అక్కడే వస్తాయి. కింది ఆకులు తీసేయండి, పైన రెండు మూడు ఉంచండి. పువ్వులు, మొగ్గలు ఉంటే తుంచేయండి. వేరు లేని కొమ్మ పువ్వును మోయలేదు. ఏది పైన ఏది కింద అన్నది మరిచిపోకండి, తలకిందులుగా నాటితే బతకడం కష్టం. మేము ఒకసారి ఆ పనీ చేసినాం.

నల్లరేగడి ఒక్కటే వేస్తే నీళ్ళు నిలిచి కొమ్మ కుళ్ళిపోతుంది. సగం ఇసుక కలపండి. కాల్చిన ఊక దొరికితే ఇంకా మంచిది. ఎరువు అప్పుడే వద్దు, వేరు వచ్చినాక చూసుకోవచ్చు. కుండీ మీద పాలిథిన్ కవరు బోర్లించి నీడలో పెడితే తేమ నిలుస్తుంది. ఐబీఏ అనే రూటింగ్ హార్మోన్ పొడి విత్తనాల అంగళ్ళలో దొరుకుతుంది. గులాబీ, మందారం లాంటి మొండి వాటికి పనికొస్తుంది. వామాకుకు, తులసికి, మనీ ప్లాంట్‌కు అక్కర్లేదు, గ్లాసు నీళ్ళు చాలు. ఆ నీళ్ళు రెండు మూడు రోజులకొకసారి మార్చండి. మూడు వారాల దాకా లాగి చూడకండి. పిల్లలున్న ఇంట్లో ఇదే అన్నిటికన్నా కష్టం.

కరివేపాకు కొమ్మతో అంత తేలిగ్గా రాదు. పెద్ద చెట్టు చుట్టూ వేర్ల నుంచి లేచే పిలకను తవ్వి తెచ్చుకోండి. ఇక గన్నేరు అడిగితే ఇచ్చే ముందు ఆ ఇంట్లో చిన్నపిల్లలు, ఆవులు, మేకలు ఉన్నాయేమో కనుక్కోండి, దాంట్లో ప్రతి భాగమూ విషమే.

ఒక హెచ్చరిక కూడా. కొమ్మతో చెట్టు వచ్చినట్టే చెట్టు జబ్బూ వస్తుంది. పిండినల్లి ఉందేమో ఆకుల కింద, కణుపుల సందుల్లో చూడండి. కొత్త మొక్కను రెండు వారాలు వేరుగా ఉంచి ఆ తర్వాతే మిగతావాటితో కలపండి. విదేశాల్లో ఉన్న మన వాళ్ళకు ఒక మాట: ప్రేమ కొద్దీ సూట్‌కేసులో కొమ్మ పెట్టుకుని పోకండి. చాలా దేశాల్లో అది నేరం, దానికి కారణమూ ఉంది. కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ చెట్లను చంపే జబ్బును మోస్తుంది. ఆ జబ్బు 2005లో ఫ్లోరిడాలో బయటపడి అక్కడి తోటలను నాశనం చేసింది. మీరున్న ఊర్లోనే ఏ తెలుగు ఇంట్లోనో, తమిళుల ఇంట్లోనో చెట్టు ఉంటుంది, అక్కడ అడగండి. అడిగి తెచ్చుకున్నదానికి ఆ ఇంటి పేరు పెట్టుకోండి.

మేము ఒక పద్ధతి అనుకున్నాం, మీకూ నచ్చితే పాటించండి. శ్రావణమాసంలో పేరంటానికి పిలిచినప్పుడు తాంబూలంతో పాటు ప్లాస్టిక్ డబ్బాలో, స్టీలు గిన్నెలో ఇస్తున్నాం కదా. వాటి బదులు వేరు పట్టిన ఒక మొక్క ఇద్దాం. సరిగ్గా వానల కాలం, కొమ్మ బతికే కాలం. ఆషాఢంలో నాటితే శ్రావణానికి సిద్ధమవుతుంది. కుండీకి ఒక చీటీ కట్టి, దాని మీద మొక్క పేరు తెలుగులో ఒకసారి, మీరున్న ఊరి భాషలో ఒకసారి, కింద "ఫలానా వారింటి నుంచి" అని రాయండి. ఇంకొక మాట, ఇంట్లో మీకు ముఖ్యమనిపించే చెట్టు ఏదైనా కనీసం మూడు ఇళ్ళల్లో ఉండేట్టు చూసుకోండి. మూడూ బంధువులవే కానక్కర్లేదు. మా లెక్కలో ఒకటన్నా బంధువులది కాకపోతేనే మంచిది, ఎందుకంటే బంధువులందరూ ఒకేసారి ఇల్లు అమ్ముతారు.

అజ్జి ఇచ్చిన ఆరు కొమ్మల్లో ఒకటే బతికింది. దాన్ని మా బెంగళూరు బాల్కనీలో పెట్టినాం. ఆగస్టులో రెండో చిగురు వేసినాక కుండీని ఆటోలో పెట్టుకుని చిన్నాయన ఇంటికి పోయి, అవ్వకు అంతా చెప్పేసినాం. చెట్టు పోయిందని, మేము అబద్ధం చెప్పినామని, ఎదురింటి నుంచి తెచ్చినామని. అవ్వ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆకును వేళ్ళతో పట్టుకుని చూసి, "ఆరిట్లో ఒకటేనా? కణుపు కాడ కొయ్యలేదు మీరు" అంది.

కోసింది అజ్జి అని చెప్పలేదు. రాయదుర్గం మల్లె మళ్ళీ ఇంటికొచ్చిందిలే అవ్వా, అన్నాం. దానికి ఆమె చెప్పింది విని మేము నోరు మూసుకున్నాం. ఆ మల్లె అసలు వాళ్ళ పుట్టింటిది కాదట. రాయదుర్గంలో వాళ్ళ వెనకింట్లో కన్నడం మాట్లాడేవాళ్ళు ఉండేవాళ్ళట. ఆ ఇంటావిడను అడిగి తెచ్చుకున్న కొమ్మలట. "ఆయమ్మకు యాడిదో నేను అడగలేదు" అంది అవ్వ. డెబ్బై ఏళ్ళకు పైగా మా ఇంటి మల్లె అనుకున్నది, ఎదురింట్లో తెలుగువాళ్ళ మల్లె అయినది, మొదట ఒక కన్నడ ఇంటి పెరటిది.

ఆ ఇంటావిడ పేరు అవ్వకు గుర్తుంది. మేము చీటీ మీద రాసి కుండీకి కట్టినాం. వచ్చే ఏడు చెట్టు గుబురైతే ఒక కొమ్మ తమ్ముడికి, ఒకటి అక్క పిల్లలకు. మూడోది, అజ్జి చెట్టుకు ఎప్పుడన్నా ఏమన్నా అయితే ఇవ్వడానికి ఉంచుతాం.